ఏరువాక పున్నమి నుంచి లెక్క

మా అత్త లెక్కలన్నీ వేళ్ళ మీదే. చిటికెన వేలి అడుగు గణుపు మీద బొటనవేలు ఆనించి, ఒక్కొక్క గణుపే పైకి జరుపుకుంటూ పోయేది. ఊడుపులు ఎప్పుడు మొదలెట్టాలో, ఆవు ఎప్పుడు ఈనుతుందో, కోడలు ఎప్పుడు కంటుందో అన్నీ ఆ గణుపుల మీదే తేలేవి. తేలినది తప్పేది కూడా కాదు. అందుకే నా కాన్పుకి ఆవిడ కట్టిన లెక్కని నేను మారుమాట లేకుండా నమ్మాను. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. నెల తప్పిందని చెప్పడం వరకే నా వంతు, మిగతాదంతా పెద్దవాళ్ళ వంతు అనుకునే వయసు. నమ్మడంలో సుఖం కూడా ఉంది, అది తరువాత చెబుతాను.

మా ఊరు నౌపడకి కోసెడు దూరం. వానాకాలం వరి, పంట ఇంటికొచ్చాక మగవాళ్ళు ఉప్పు మళ్ళలో పనికి పోయేవారు. మా ఆయనా పోయేవాడు. అరవైలు సగం దాటిన రోజులు. ఇంట్లో అత్త, మావ, మేమిద్దరం. పక్కింట్లో నా వయసుదే ఒకామె ఉండేది, వరసకి ఒదిన. నా తరువాత ఆరు నెలలకి కాపురానికి వచ్చింది. మా రెండిళ్ళ పెరళ్ళకి మధ్య గోడ లేదు. అక్కడ పశువుల సాలకి ఆనుకుని ఒక తాటాకు పాక ఉండేది. నెలకి మూడు రోజులు బయట చేరినప్పుడు ఆడవాళ్ళం అక్కడే కూర్చోవాలి, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. మా ఇద్దరికీ ఎప్పుడూ ఒకటి రెండు రోజుల తేడాలో వచ్చేది. పెద్దవాళ్ళు దాన్ని మైల అనేవారు. మేం మాత్రం అత్తల కేకలకి దూరంగా మూడు రోజులు దొరికాయని లోలోపల సంతోషించేవాళ్ళం.

ఆ ఏడు జ్యేష్ఠంలో ఏరువాక పున్నమి నాడు ఇద్దరం తలంటుకుని ఇళ్ళల్లోకి వెళ్ళాం. ఎద్దుల కొమ్ములకి రంగులు పూసి ఊరేగిస్తున్నారు. ఆ తరువాత నేను మళ్ళీ పాకలో కూర్చోలేదు. ఒదిన కూడా కూర్చోలేదు. మా అత్త పున్నమి నుంచి గణుపులు లెక్కపెట్టుకుని, పురుడు ఎప్పటికో తనలోనే ఉంచుకుంది. ఒదిన పురుడు లెక్క వాళ్ళ అత్త చూసుకుంది. ఎవరి కోడలి లెక్క వాళ్ళది.

మా అమ్మవాళ్ళు పురుటికి తీసుకెళ్ళడానికి మాఘంలో వస్తామన్నారు. నా పిల్ల అంతవరకు ఆగలేదు. పుష్యంలో, పున్నమి ఇంకా రెండు రోజులుందనగా, పొద్దెక్కి కళ్ళంలో ధాన్యం గంప ఎత్తబోతుంటే నడుము పట్టేసింది. ఇంటికి నడిచి రాగలిగాను, అంతే. మంత్రసాని వచ్చేసరికి ఉమ్మనీరు పోయింది. ఆవిడ చేతులు కడుక్కోకుండానే అడిగిన మొదటి మాట, "ఎన్నో నెలమ్మా?"

ఆ ప్రశ్నకి మా వైపు చాలా బరువుంది. ఏడో నెలలో పుట్టిన పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టిన పిల్ల నిలవదు. ఇది అందరికీ తెలిసిన సంగతి. నెల ఎక్కువుంటే బలం ఎక్కువుండాలి కదా అని అడిగితే పెద్దవాళ్ళు నోరు మూసుకోమనేవారు తప్ప జవాబు చెప్పేవారు కాదు. నిలవదని తేలిన పిల్ల కోసం ఎవరూ హైరానా పడేవారు కాదు. గుమ్మం బయట మావ, మా ఆయన, ఇంకెవరో ఇద్దరు ఈ జవాబు కోసమే నిలబడి ఉన్నారు.

మా అత్త అందరికీ వినపడేలా వేళ్ళు మడిచింది. "ఏరువాక పున్నమికి తానమాడింది. ఆసాడం ఒకటి, సావణం రెండు, బాద్రపదం మూడు," అంటూ పోయి, "పుస్యం ఏడు. అదయినా నిండడానికి ఇంకా రెండ్రోజులున్నాది. ఏడో నెల గుంట. కానీయే, ఏటలా సూస్తావు," అంది.

మంత్రసాని చేతులు కడుక్కుంది.

ఆడపిల్ల పుట్టింది. చేటంత కూడా లేదు. ఏడ్పు పిల్లికూన అరిచినట్టు సన్నగా. అత్త పాత చీరలు చింపి, దూది పరిచి, పిల్లని చేటలో పెట్టి, చేటకి అటూ ఇటూ ఊక కుంపట్లు పెట్టింది. పిల్లకి చప్పరించే బలం లేదు. నా పాలు ఉగ్గుగిన్నెలోకి పిండి, దూది వత్తిని తడిపి, ఒక్కొక్క చుక్కే నోట్లో పిండేది. అలా నెలన్నర. మా మావ రోజూ పొద్దున్నే వచ్చి, "ఉన్నాదా?" అని అడిగేవాడు. "ఏడో నెలది, ఉండక ఏటవుతాది?" అనేది అత్త. కోడల్ని కొరుక్కుతినే మనిషని ఊళ్ళో పేరున్న ఆవిడ నన్ను ఆ నెలన్నరా ఒక్క గిన్నె కడగనివ్వలేదు. నాకు ఆవిడంటే అప్పటిదాకా భయం. అప్పుడు ఇష్టం పుట్టింది.

పదిహేను రోజులకోసారి సర్కారు నర్సు వచ్చేది. కృష్ణా వైపు మనిషి, సైకిలు తొక్కేది, అందుకని మగవాళ్ళు ఆమెకి కాస్త జడిసేవారు. మొదటిసారి పిల్లని చూసి, వేళ్ళు విప్పదీసి, "ఏడో నెల అంటున్నారు, గోళ్ళు చివరిదాకా వచ్చేశాయే?" అంది.

"మా ఇంటి గుంటలకి గోళ్ళు బేగినే వచ్చేస్తాయమ్మా," అంది అత్త. నర్సు నవ్వి ఊరుకుంది. నేనూ నవ్వాను.

ఉగాది వెళ్ళిన పదో రోజుకి పిల్లకి మూడు నెలలు కావస్తున్నాయి. పిల్ల నవ్వడం లేదు. మొహంలోకి చూడడం లేదు. చిటికె వేస్తే తల తిప్పడం లేదు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి, "మూడో నెల గుంట ఇలగుంటాదేటి?" అని ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. నేను పెరట్లోకి పోయి ఏడిచి వచ్చేదాన్ని. నర్సు వచ్చినప్పుడు ఆమె ముందే ఏడ్చాను. ఆమె పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, "పుట్టిన రోజు నుంచి లెక్క వెయ్యకూడదమ్మా. పుట్టవలసిన రోజు నుంచి వెయ్యాలి. నెలలు నిండక పుట్టిన పిల్లకి ముందు వచ్చేసిన రోజులు తీసెయ్యాలి. నీ పురుడు ఎప్పటికి అన్నారు?" అని అడిగింది.

అత్త వైపు చూశాను. అత్త ఒక్క క్షణం ఆగి, "కాముడి పున్నమి ఎల్లిన తొమ్మిదో నాడు," అంది.

నర్సు ఫాల్గుణ పున్నమి నుంచి లెక్కపెట్టింది. "అయితే నీ కూతురికి ఇవాళ్టికి పదహారు రోజులు. పదహారు రోజుల పిల్ల నవ్వుతుందా ఎక్కడైనా?"

మూడు నెలల పిల్ల ఆ ఒక్క మాటతో పదహారు రోజుల పిల్ల అయిపోయింది. ఆ రోజు నేను ఎంత అన్నం తిన్నానో నాకే తెలీదు. నర్సు వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. "ఆ రోజు నుంచి నాలుగు నెలలు నిండేసరికి మెడ నిలబెట్టాలి. నిలబెట్టకపోతే నా దగ్గరకి తీసుకురా, పట్నం ఆసుపత్రికి చీటీ రాసిస్తాను." నాలుగు నెలలంటే ఆషాఢ పున్నమి దాటి తొమ్మిదో రోజు. నాకు బోలెడు కాలం ఉంది.

ఆ తరువాత వీధి ఆడవాళ్ళని నేను వదిలిపెట్టలేదు. ఎవరు నోరు విప్పినా నా దగ్గర తీసివేత సిద్ధం. "మీరు పుట్టిన నాటి నుంచి సూస్తన్నారు, అలా సూడకూడదు," అని నర్సు చెప్పినదంతా ఒప్పజెప్పేదాన్ని. అక్షరం ముక్క రాని నేను పెద్ద డాక్టరమ్మలా మాట్లాడుతుంటే వాళ్ళు మూతులు తిప్పుకునేవారు. పిల్ల పిడికిళ్ళు విప్పేది కాదు. ఎత్తుకుంటే కాళ్ళు కర్రల్లా బిగిసి ఒకదాని మీద ఒకటి పడేవి. పాలు సగం పక్కకి కారిపోయేవి. అన్నిటికీ నా దగ్గర ఒకటే మందు, రెండు నెలల పదకొండు రోజులు తీసెయ్యడం. పాలు కారుతున్నాయంటే రెండు నెలలదే కదా అనుకునేదాన్ని. కళ్ళు నిలపడం లేదంటే ఇంకా రెండున్నర నెలలే కదా అనుకునేదాన్ని. అత్త మాత్రం అన్నప్రాసనకి, మొక్కులకి పుట్టిన రోజు లెక్కే పట్టేది. "నీ నర్సు లెక్క నువ్వుంచుకో, దేవుడికి నా లెక్క సాలు," అనేది. నేను నవ్వేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు. అది నేను గమనించాను, గమనించి వదిలేశాను.

నిజం చెప్పాలంటే నాకు అనుమానం రాకపోలేదు. తల్లికి తెలీదంటే నేను నమ్మను. ఎత్తుకున్న ప్రతిసారీ ఆ మెడ నా చేతిలో వాలిపోవడం నాకు తెలుసు. కానీ నా చేతిలో ఒక నెల మిగిలి ఉంది. ఆ నెల ఉన్నంతకాలం దేనికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

జ్యేష్ఠం ఆఖర్లో, ఆషాఢం రాకుండానే పక్కింటి ఒదినని పుట్టింటి నుంచి తీసుకొచ్చారు. పురుటికని మార్గశిరంలో వెళ్ళిన మనిషి, ఐదో నెలలో కొడుకుతో దిగింది. ఆ మర్నాడు పొద్దున్నే పిల్లాణ్ణి చంకనేసుకుని మా పెరట్లోకి వచ్చింది. వాడు మెడ నిలబెట్టి నాలుగు వైపులా చూస్తున్నాడు. నా చెవి పోగు కనపడగానే లాగాడు. ఒదిన నా పిల్లని చూసి, చెంప నిమిరింది. తరువాత మెల్లగా, "మెడ ఇంకా నిలబెట్టనేదేటి ఒదినా?" అంది.

వీధి ఆడవాళ్ళకి చెప్పే పాఠమే ఆమెకీ చెప్పాను. "మీవోడు నెలలు నిండి పుట్టినాడు. ఇది ముందు పుట్టింది. లెక్క ప్రకారం మీవోడికన్నా ఇది నెల సిన్నది, తెలుసా? దీనికింకా మూడు నెలలే."

ఒదిన ఆశ్చర్యంగా చూసింది. "నెల సిన్నదెలాగయ్యింది? ఏరువాక పున్నమికి మనిద్దరం ఒక్కరోజే కదా తానమాడినాం. నాకు మాఘ పున్నమి ఎల్లిన తొమ్మిదో నాడు పురుడొచ్చింది. సరిగ్గా నిండినాయని మా అమ్మ అన్నాది. నీకూ అప్పుడే రావాల."

"నాకు కాముడి పున్నమి తరవాత."

"అలాగెలాగ?" అంది ఒదిన, పోట్లాటకి కాదు, నిజంగానే అర్థంకాక. "ఆ ఏడు సావణం రెండుసార్లు రానేదేటి? మొదటి సావణంలో నువ్వు కక్కుకుంటా ఉంటే నాను మజ్జిగ తెచ్చినాను. అధిక మాసమని మీ అత్త పూజ సెయ్యనివ్వకపోతే, తరవాతొచ్చిన సావణంలో సేసుకున్నాం. మరిసిపోయినావేటి?"

మరిచిపోలేదు. ఎలా మరిచిపోతాను? రెండు శ్రావణాలూ నా కడుపులో బిడ్డతోనే గడిచాయి. అధిక శ్రావణంలో వాంతులు, నిజ శ్రావణంలో పూజ. కానీ అత్త వేలి గణుపుల మీద శ్రావణం ఒకటే. అధిక మాసంలో పెళ్ళి చెయ్యరు, గృహప్రవేశం చెయ్యరు, అది ఎందులోకీ లెక్కకి రాదు. దాన్ని అలాగే పక్కన పెట్టేసింది కాబోలు అనుకున్నాను. శుభకార్యాల లెక్కకి రాకపోవచ్చు, కడుపులో పిల్ల లెక్కకి రాకుండా ఎలా పోతుంది? నేనే ఒకసారి వేళ్ళు మడిచి చూసుకుంటే తేలిపోయేది. చూసుకోలేదు. ఆ తప్పుడు నెల నాకు లాభంగా ఉంది.

ఒదిన కొడుకు నా పోగు వదలడం లేదు. వాడూ నా కూతురూ ఒక వయసువాళ్ళు. నర్సు చెప్పిన నాలుగు నెలలు మొన్ననే నిండిపోయాయి. నాకింకా నెల రోజులు ఉందనుకున్న గడువు అయిపోయి రెండు రోజులైంది.

అత్త వెనక అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. నా కోపం ఎలాంటిదో ఇప్పటికీ మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ అత్త ముందు దాన్ని బయట పెట్టడం అదే మొదలు. "సావణాలు రెండు కదత్తా. నువ్వు ఒకటే ఎందుకేసినావు? లెక్క మరిసిపోయినావా?" అన్నాను.

ఆవిడ గింజలు తియ్యడం ఆపలేదు. "నాను ఏ లెక్కయినా మరిసిపోగా ఎప్పుడైనా సూసినావేటి?" అంది.

నేను ఆవిడ ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను.

"ఎనిమిదో నెలని ఆ పొద్దు నోరిప్పితే ఏటయ్యేదో నీకు తెల్దు," అంది అత్త. గొంతు పెంచలేదు. "నా పెద్దోడు ఎనిమిదో నెలలోనే పుట్టినాడు. మీ ఆయన కన్నా ముందు. బతికే పుట్టినాడు. నిలవని బిడ్డకి పాలెందుకన్నారు. సేటలో ఎట్టి గుమ్మం పక్కన ఎట్టినారు. పొద్దుగూకేదాకా ఏడిసినాడు. నాకు నీ అంత వయసే. పాలు సేపుకొచ్చి రైక తడిసిపోయినాది. అయినా లేచి ఎల్లనేకపోయినాను. మా అత్త కోప్పడతాదని."

మా ఆయనకి ఒక అన్న ఉండేవాడని నాకు అప్పటిదాకా తెలీదు. మా ఆయనకీ తెలీదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడ ముప్పయ్యేళ్ళు దాన్ని కడుపులోనే దాచుకుంది.

"అధిక మాసం ఎందులోకీ రాదని అందరూ అన్నదే కదా. అందుకే తీసేసినాను. మంత్రసాని తిరిగి లెక్కెట్టుకోనేదు," అంది.

నా కోపం అంతటితో చచ్చిపోవాలి. పూర్తిగా చావలేదు. "మరి నర్సుకైనా సెప్పాలి కదా. ఆ నెల సంగతి తెలిస్తే అప్పుడే సీటీ రాసేదేమో," అన్నాను.

అత్త అప్పుడు చెయ్యి ఆపింది. "సెప్పుదామనే అనుకున్నాను. గుంట నవ్వడం నేదని నువ్వు ఏడుస్తన్నావు. నర్సు పదారు రోజులని సెప్పగానే నీ మొగం ఎలా అయ్యిందో నువ్వు సూసుకోనేదు, నాను సూసినాను. ఆ నెల నీ సేతిలోంచి ఎలా లాక్కోమంటావే?"

మర్నాడే నర్సు దగ్గరకి వెళ్ళాం. ఆమె చీటీ రాసిచ్చింది. ఆ పై వారం నేనూ మా ఆయనా పిల్లని తీసుకుని శ్రీకాకుళం వెళ్ళాం. డాక్టరు పిల్ల కాళ్ళు ఎత్తి వదిలాడు, కళ్ళ ముందు దీపం తిప్పాడు, రెండు చేతులూ పట్టుకుని లేవనెత్తి చూశాడు. తల వెనక్కి వేలాడింది. వయసెంత అని అడిగాడు. నేను అంతా చెప్పాను. ఏరువాక పున్నమి, రెండు శ్రావణాలు, పుష్యం, మాఘం. ఏది తియ్యాలో ఏది తియ్యకూడదో చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. విని, "ఏ లెక్క చూసినా ఒకటేనమ్మా," అన్నాడు. మెదడుకి దెబ్బ తగిలిందట. కడుపులోనో, పుట్టినప్పుడో చెప్పలేమన్నాడు. మెడ నిలబడకపోవచ్చు, కూర్చోదు, మాట రాదు. మందు లేదు. నెల ముందు తీసుకొచ్చి ఉంటే అని అడిగాను. "నెల ముందు వచ్చినా ఇదే చెప్పేవాణ్ణి," అన్నాడు.

ఎవరో ఒకరి తప్పు అని తేలితే బాగుండేదని బస్సులో అనిపించింది. అత్త మీదో, నర్సు మీదో, నా మీదో పడి ఏడవడానికి ఒక చోటు ఉండేది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఉప్పుకి పగిలిన ఆయన పాదాల మీద పిల్ల పొత్తిగుడ్డ జారిపడితే తీసి మడత పెట్టాడు.

నా కూతురు ఏడేళ్ళు బతికింది. డాక్టరు చెప్పినదాంట్లో ఒక్కటి కూడా తప్పలేదు. ఆ తరువాత నాకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ నెలలు నిండే పుట్టారు, వేళకి మెడలు నిలిపారు, వేళకి నడిచారు. వాళ్ళ నెలలు నేను లెక్కపెట్టుకోలేదు. పక్కింటి ఒదిన కొడుకు బడికి వెళ్ళే వయసులో మా అరుగు మీద నుంచి దూకి ఆడుకుంటుంటే మాత్రం, వాడి వయసు ఎంతో నాకు రోజులతో సహా తెలిసేది.

శ్రీకాకుళం నుంచి మేం తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. అత్త వీధి అరుగు మీద కూర్చుని ఉంది. మా ఆయన డాక్టరు చెప్పిన మాటలు రెండు ముక్కల్లో చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను పిల్లని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. అత్త పిల్ల కాళ్ళ మీద గుడ్డ సర్దింది. తరువాత నా వైపు తిరిగి, "అయితే ఆ పొద్దు నాను తప్పు సేసినానేటే?" అని అడిగింది.

దెబ్బలాటకి అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను లేదత్తా అనాలి. అంతకు ముందు రోజు అడిగి ఉంటే ఆవిడ కాళ్ళు పట్టుకుని అనేదాన్ని. ఆ సాయంత్రం ఒళ్ళో పిల్ల తల నా మోచేతి మీంచి వాలిపోయి ఉంది, నోటి పక్క నుంచి చొంగ కారుతోంది, ఆ మాట నా నోటికి రాలేదు. అవునని కూడా అనలేదు. ఆవిడ నా మొహం వైపు కాసేపు చూసింది. తరువాత లేచి, పిల్ల మెడ కింద అరచెయ్యి పెట్టి నా ఒళ్ళోంచి తీసుకుని, పాలు పట్టడానికి లోపలికి వెళ్ళింది.